ఎగ్గొట్టిన పుస్తకాలు

అట్టపెట్టెకి చుట్టిన టేపు బ్లేడుతో కోసి మూత విప్పేసరికి కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. దాని వెనకాలే ఇంకోటి. ఒకసారి తడిసి, ఆరి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మూతలో ఉన్న కాగితం వాసన. పాత గాదె అడుగున తగిలే చెమ్మలాంటిది. పక్కనున్న పిల్లలు "అబ్బా, కంపు" అని ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం ఇంకాస్త వంగాను.

కిందటి నవంబరు మాట. గ్రంథాలయ వారోత్సవాలకి మా ఊరి శాఖా గ్రంథాలయంలో పుస్తక సేకరణ పెట్టాం. పెట్టాం అంటే పెద్ద సంఘమేమీ కాదు. రిటైరై ఊరికి తిరిగొచ్చిన నేను, నాతో హైస్కూల్లో చదివిన ముగ్గురు, రెండు ఊళ్ల లైబ్రరీలకి ఇన్‌ఛార్జిగా ఉన్న లైబ్రేరియన్ అమ్మాయి. వాట్సాప్‌లో ఒక కబురు, గేటుకి ఒక ఫ్లెక్సీ. అంతే. ఎవరిస్తారులే అనుకున్నాం. మూడో రోజుకి వరండాలో కాలు పెట్టే చోటు లేదు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు ఊళ్లో ఇల్లు అమ్మకానికి పెట్టి అటకలు దించేస్తున్నారు. ఆటోల్లో వస్తున్నాయి పెట్టెలు.

ఆ పెట్టె సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ వాసన ఎక్కడిదో చెప్పాలి.

*

మాది రేపల్లె వైపు. నా చిన్నప్పుడు లైబ్రరీ అంటే రామాలయం పక్కన ఊరి పెద్దాయనెవరో రాసిచ్చిన పెంకుటి గది, ముందు రెండు అరుగులు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. శుక్రవారం సెలవు. ఈ శుక్రవారం సెలవు మా మామ్మకి చచ్చేదాకా మింగుడు పడలేదు. "శుక్రవారం పూట సరస్వతికి తాళం వేస్తారటే ఎవరన్నా?" అనేది.

పేపరు తొమ్మిది దాటితే గానీ వచ్చేది కాదు. రాగానే షీట్లు విడదీసి అరుగు మీద కూచున్నవాళ్లకి తలొకటి ఇచ్చేవారు. మొదటి షీటు దక్కినవాడు రాజు. చదువు రాని రైతుల కోసం ఒక తాతగారు గొంతెత్తి చదివేవారు. ఆయనకి నచ్చని పార్టీ వార్త వస్తే చటుక్కున వర్షపాతం వివరాల్లోకి దాటేసేవారు. అది అందరికీ తెలుసు. అయినా వినేవాళ్లు.

లోపల బీరువా తలుపు కిర్రుమనేది. తేదీ ముద్ర టప్‌మని పడేది. ఊదారంగు స్టాంపు ప్యాడు, దాని మీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లి వేలితో రుద్దడం. ఈ పనుల్లో ఒక్కటన్నా నాకు చెప్తారేమోనని బల్ల అంచు పట్టుకుని నిలబడేదాన్ని.

అక్కడున్నాయన బడిపంతులు కాడు గానీ ఊరంతా లైబ్రరీ మాస్టారనే పిలిచేది. చొక్కా జేబుకి రెండు కలాలు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఎరుపుది పుస్తకాల నంబర్లకి మాత్రమే. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, ఒక రహస్యం చెప్పారు. "దొంగ ఎవడన్నా ముందు పేజీలు చించేశాడనుకోమ్మాయ్. పుస్తకం మనదని ఎట్లా తెలుస్తుంది? అందుకని లోపల ఒక పేజీలో కూడా ముద్ర వేస్తాం. ఏ పేజీయో బయటికి చెప్పం. మనది 37." ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఊళ్లో నాకూ ఆయనకీ మాత్రమే తెలిసిన అంకె అది. అదే రహస్యం ఇంకో ఆరుగురు పిల్లలకి కూడా చెప్పారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, మొన్నటి సేకరణలో చెయ్యేసిన ముగ్గురిలో ఇద్దరు వాళ్లే.

ఆయనకి తీరిక దొరికితే పాత కబుర్లు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టడం, అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా తిరగడం. మాకు ఎగువన కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలవ మీద పాతూరి నాగభూషణం గారు 1935లో నడిపిన పుస్తకాల పడవ. ఆ పడవ కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నానో. మా ఊరి కాలవలో గడ్డి పడవ కనబడ్డా దాని మీద బీరువా ఉందేమోనని చూసేదాన్ని. "1960 చట్టం వచ్చి మనది సర్కారు లైబ్రరీ అయింది గానీ, అంతకుముందు ఈ జిల్లాలో పుస్తకాలన్నీ గుమ్మం గుమ్మం అడిగి తెచ్చినవే. అడగడానికి సిగ్గుపడేవాడు లైబ్రరీ నడపలేడు" అనేవారు.

అడగడమంటే ఆయన అడిగేది మాత్రం ఇచ్చిన పుస్తకాలే. గడువు పదిహేను రోజులు. ఎగ్గొట్టినవాళ్ల పేర్లు ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకుని, ఆ శుక్రవారం సెలవు నాడే సైకిలు వేసుకుని వసూలుకి బయల్దేరేవారు. ఒకటి రెండుసార్లు సైకిలు వెనక నేనూ వెళ్లాను. ఒక్కో గుమ్మంలో ఒక్కో జవాబు. "మా బావమరిది పట్టుకెళ్లాడు మాస్టారూ, పండక్కి తెస్తాడు." "దూడ నమిలేసిందండీ." కాలవ గట్టు ఇంట్లో అయితే "బాలింతరాలు చదువుకుంటోంది, నెల తప్పించి రండి" అన్నారు. లోపల్నుంచి పసిపిల్లాడి ఏడుపు కూడా వినబడింది, సాక్ష్యానికి. మాస్టారు సరేనమ్మా అని సైకిలు తిప్పుకున్నారు.

*

ఆ ఏడు వారోత్సవాల్లో నాకు వక్తృత్వంలో రెండో బహుమతి వచ్చింది. ఆఖరి రోజు, నవంబరు 20న సభ పెట్టి ఇస్తామన్నారు. బహుమతి ఏంటో ముందే చూశాను. మాస్కోలో అచ్చయిన పిల్లల పుస్తకం. నున్నటి తళతళలాడే కాగితం, రంగుల ఎలుగుబంటి. లోపల నా పేరు కూడా రాసేసి, పేపర్లో చుట్టి బీరువాలో పెట్టారు.

19న ఉప్పెన వచ్చింది. 1977, దివిసీమ ఉప్పెన.

మా ఊరికి సముద్రం రాలేదు. గాలి వచ్చింది. తలుపుకి అడ్డంగా రోకలి పెట్టి, దానికి నాన్న, బాబాయి వీపులు ఆనించి కూచున్నారు తెల్లవార్లూ. గాలి ఊళ వేస్తుందంటారు గానీ నాకు అలా వినబడలేదు, ఎవరో మూతి గట్టిగా మూసుకుని మూలుగుతున్నట్టుంది. తెల్లారాక చూస్తే తాటిచెట్లకి తలల్లేవు. ఏటికి అవతల ఊళ్లకి ఊళ్లే లేవన్న సంగతి మాకు వెంటనే తెలియలేదు. పదివేల మంది పోయారని సర్కారు లెక్క. ఆ లెక్కని మా వైపు ఎవరూ నమ్మలేదు.

ఇంక దాని గురించి ఎక్కువ రాయను. రాయగలిగినవాళ్లు రాశారు.

లైబ్రరీ కప్పు పెంకులు మూడొంతులు లేచిపోయాయి. వాన నేరుగా బీరువాల మీద పడింది. పుస్తకం తడిస్తే ఉబ్బుతుందని నేను అప్పుడే చూశాను. అరల్లో ఎంతలా బిగుసుకుపోయాయంటే లాగితే రాలేదు. ఒక అర చెక్క వాటి ఒత్తిడికే నిలువునా చీలింది. బీరువా అడ్డం పడగొట్టి, వెనక రేకు ఊడదీసి తీశారు.

మొదటి రోజు తెలియక ఎండలో పరిచాం. సాయంత్రానికి అట్టలు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. మర్నాటి నుంచి నీడన, గాలి తగిలేలా, వరండాలో తాళ్లు కట్టి వాటి మీద మధ్యకి తెరిచి వేలాడదీశాం, చీరలారేసినట్టు. మందంగా ఉన్నవాటిని నిలబెట్టి పేజీలు విసనకర్రలా విప్పి, మధ్య మధ్య పాత పేపరు పెట్టి, అది తడిసినప్పుడల్లా మార్చడం. స్కూలు లేదు కాబట్టి పిల్లలందరం అదే పని. ఆ వారం రోజులు మా ఒంటి నిండా ఆ వాసనే.

అందులో ఒక విచిత్రం చూశాం. గరుకు కాగితం మీద అచ్చేసిన చవక పుస్తకాలు, పట్టుకుంటే పొడయ్యేలా ఉన్నవి, చాలావరకు పేజీ పేజీ విడివడి వచ్చాయి. నున్నటి ఖరీదు కాగితంవి మాత్రం పేజీలన్నీ అతుక్కుని ఇటుకలైపోయాయి. నా ఎలుగుబంటి పుస్తకం కూడా. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టారు. బహుమతి ప్రదానం అదే. ఆ ఇటుకని చాలా ఏళ్లు వంటింటి కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాం.

ఇంకో సంగతి సిరాది. స్టాకు రిజిస్టరు కూడా తడిసింది. పాత లైబ్రేరియను బ్లూ బ్లాక్ సిరాతో రాసిన పేజీలు చెక్కుచెదరలేదు. మా మాస్టారికి రాయల్ బ్లూ అంటే ముచ్చట. ఆయన హయాం మొత్తం లేత నీలం చెరువైపోయింది. ఏ పుస్తకాలుండేవో, ఎన్నుండేవో చెప్పే కాగితం లేదు. మిగిలిందల్లా ఆయన ఇంట్లో, చేతిసంచిలో ఉన్న ఆ చిన్న నోటుపుస్తకం. ఎగ్గొట్టినవాళ్ల పట్టీ.

*

సంక్రాంతి వెళ్లాక మాస్టారు ఆ పట్టీ బయటికి తీశారు. అప్పటికి ఊళ్లో ఇంకా పాకలు కప్పుకుంటున్నారు. "మనుషులు పోయి ఏడుస్తుంటే పుస్తకాలంటావేందయ్యా?" అని రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన ముఖానే అడిగాడు. మాస్టారు దానికి జవాబు చెప్పలేదు. ఆయనకీ అదే సిగ్గు ఉందని నాకిప్పుడు అనిపిస్తుంది. బియ్యం, పాత బట్టలు పంచే పని అంతా అయ్యేదాకా ఆగారు కదా.

డప్పు వేయించారు. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, లైబ్రరీ పుస్తకాలు ఎగ్గొట్టినవాళ్లు తెచ్చి ఇచ్చినట్టయితే జరిమానా లేదహో!" పిల్లలం డప్పు వెనకాల పరిగెత్తాం.

మొదటి రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు పొద్దున తలుపు తీయడానికి వెళ్తే అరుగు మీద ఏడు పుస్తకాలున్నాయి, మీద ఇటుకరాయి పెట్టి. రాత్రి చీకట్లో పెట్టి పోయారు. అప్పట్నుంచి రోజూ. కొందరు మాత్రం దర్జాగా పట్టపగలే తెచ్చి, "మేం గనక ఉంచుకున్నాం కాబట్టి బతికింది" అని ఎదురు దబాయించారు. కాదనడానికి లేదు. బుద్ధిగా గడువులోపల ఇచ్చేసినవాళ్ల పుస్తకాలన్నీ వానలో నానాయి, ఎగ్గొట్టినవే పొడిగా మిగిలాయి. పట్టీలో అరవై మూడు పేర్లుంటే వచ్చిన పుస్తకాలు ఎనభై దాటాయి. ఆ పైవి అసలు ఎప్పుడు, ఎలా బయటికి వెళ్లాయో మాస్టారు ఎవరినీ అడగలేదు. 37వ పేజీ తిప్పి చూసుకుని, నవ్వుకుని, ఎర్ర కలంతో కొత్త నంబరు వేశారు.

కాలవ గట్టు బాలింతరాలిది మాత్రం రాలేదు. పుట్టింటికి వెళ్లింది, తనతో పట్టుకెళ్లిందన్నారు.

*

మరుసటి ఏటి వారోత్సవాలకి అసలు సేకరణ. రిక్షా, దాని మీద మైకు సెట్టు, వెనక తట్టలతో మేము. మాస్టారు గుమ్మం ముందు నిలబడి రెండు చేతులూ జోడించి, "అమ్మా, లైబ్రరీకి ఒక పుస్తకం" అనేవారు. ప్రతి మూడో ఇంట్లోనూ "పుస్తకం వనితా విత్తం పరహస్తగతం గతః" అని శ్లోకం చదివి నవ్వేవాళ్లు, అదేదో అప్పుడే తోచినట్టు. మా మామ్మకి ఒళ్లు మండింది. "పుస్తకం సంగతి సరే, డబ్బు సంగతి సరే, మధ్యలో ఆడదాన్నెందుకు కలిపార్రా?" అని ఒకాయన్ని నిలదీసింది. ఆయన కంగారుపడి రెండు పుస్తకాలు ఇచ్చేశాడు.

మాస్టారిది ఒకటే నియమం. గుమ్మంలో కాదనకూడదు, గదిలోకి తెచ్చి ఏరుకోవాలి. దాంతో ఏమేం వచ్చాయో! పదేళ్ల పంచాంగాలు, ఎరువుల కంపెనీ కేలండర్లు, అచ్చు మిగిలిపోయిన శుభలేఖలు, సగం రాసిన ఎక్కాల పుస్తకం. ఏరగా పక్కన పడ్డవి కిరాణా కొట్టుకి తూకానికి వేసి, ఆ డబ్బులతో అట్టలకి కాలికో గుడ్డ కొన్నారు. బాగానే ఉంది, ఒకాయనకి ఆయనిచ్చిన పుస్తకం పేజీలోనే పకోడీలు వచ్చేదాకా. ఆ నూనె మరకల కాగితం పట్టుకుని లైబ్రరీ మీదికి వచ్చాడు. "మా నాన్న చదివిన పుస్తకమయ్యా!" ఆ తర్వాత చిత్తుకాగితాలు తెనాలి వెళ్లి అమ్ముకొచ్చేవారు, అక్కడైతే మా ఊరి వాళ్లు గుర్తుపట్టరని.

సాయంత్రాలు బైండింగు. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి లై కాచేది. దబ్బనంతో మూడు బెజ్జాలు, దారం, మీద గుడ్డ. ఆ లై వాసనకి మా వీధి కుక్కలు కూడా వచ్చి కూచునేవి.

అన్నిటికంటే గిరాకీ దేనికో చెప్తే నమ్మరు. ఒక ఇల్లాలు వారపత్రికల్లోంచి సీరియళ్లు వారం వారం చింపి, వరసగా కుట్టి, చీర కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె కోసి అట్టలేసిన ఆరు బైండ్లు. పెరటి గుమ్మంలోంచి అందించి, "మీ బాబాయిగారితో చెప్పకండమ్మా" అంది నాతో. పేజీకి ఒకపక్క కథ, ఇంకోపక్క తలనూనె ప్రకటన, సగం తెగిన జోకు. అవి చేతులు మారి మారి నలిగిపోయాయి. అందులో ఒకదానికి ఆఖరి వారం సంచిక దొరకలేదట. చివరికి ఏమైందో తెలియాలంటే ఆవిడ ఇంటికి వెళ్లి చెప్పించుకోవాల్సిందే. ఎంతమంది ఆడవాళ్లు వెళ్లారో! ఆవిడ ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పిందని తర్వాత గొడవ.

ఇంకొకాయన ఉన్న ఒక్క పుస్తకాన్నీ ఇచ్చేసి, రోజూ సాయంత్రం వచ్చి దాన్నే అడిగి తీసుకుని అరుగు మీద చదువుకుని వెళ్లేవాడు. ఇంటికి తీసుకెళ్లొచ్చుగా అంటే వద్దనేవాడు. ఇంట్లో దీపం లేక కాదు. ఎందుకో మాకు అంతుపట్టలేదు, మాస్టారు అడగనివ్వలేదు.

*

ఇప్పుడు వచ్చే పెట్టెలు వేరు. ఎంసెట్ మెటీరియలు, ఏ కంప్యూటర్లోనూ లేని సాఫ్ట్‌వేర్ల పుస్తకాలు, విజయం సాధించడమెలా అనే ఇంగ్లీషు పుస్తకాలు కుప్పలు. ఫ్లెక్సీ మీద "గైడ్లు వద్దు" అని రాయిద్దామని నేనన్నాను. "గుమ్మంలో కాదనకూడదే" అని మా వాడొకడు గుర్తు చేశాడు, నోరు మూసుకున్నాను. వాడి మాటే నెగ్గింది. పాత గ్రూప్స్ పుస్తకాల కోసమే ఎనిమిదింటికల్లా కుర్రాళ్లు వస్తున్నారు ఇప్పుడు. బల్లలన్నీ వాళ్లవే. కథల పుస్తకం కోసం వచ్చే పిల్లలకి చాప వేశాం.

ఒకతను పెట్టె దించుతూ, "సర్కారు లైబ్రరీకి మనమెందుకండీ ఇవ్వడం?" అన్నాడు. ఇంటి పన్ను రసీదు ఎప్పుడన్నా చూశావా అన్నాను. రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను అందులోనే ఉంటుంది. ఇచ్చేది ఎలాగూ ఇస్తూనే ఉన్నాం, వచ్చి వాడుకోకపోతే మనకే నష్టం. అతనికి అది కొత్త సంగతి. నిజానికి నాకూ ఉద్యోగంలో చేరి సొంతిల్లు కట్టుకునేదాకా తెలియదు.

కలరా ఉండల పెట్టె తెచ్చినాయన జుట్టు సగం నెరిసింది. కాలవ గట్టు ఇల్లు అమ్మేశారట. "మా అమ్మ ట్రంకులోవండీ. పోయిన ఏడు పోయింది. నేను తెరిచి కూడా చూడలేదు" అన్నాడు. ఆటో ఆయన తొందరపెడుతుంటే బయటికి వెళ్లాడు.

పైన రెండు వ్రతకథలు, ఒక వంటల పుస్తకం. అడుగున ముందట్ట లేని నవల. ముందు పేజీలు కొన్ని లేవు. అంచుల్లో గోధుమరంగు మరక, ఎక్కడో ఎప్పుడో తడిసిందే. వేలు దానంతటదే 37 దగ్గరికి వెళ్లింది. పల్చబడ్డ ఊదారంగు గుండ్రం. మా ఊరి పేరులో రెండక్షరాలు తెలుస్తున్నాయి. వెనకట్టకి తేదీల చీటీ ఇంకా అతికే ఉంది. ఆఖరి ముద్ర ఉప్పెనకి రెండు నెలల ముందుది.

బయటికి చూశాను. ఆయన ఆటోవాడితో బేరమాడుతున్నాడు. ఆ రోజు లోపల్నుంచి ఏడ్చిన గొంతు అదేనన్నమాట.

మావాళ్లిద్దరికీ చూపించాను. ఒకడు పకపకా నవ్వాడు. రెండోది కళ్లజోడు తీసి తుడుచుకుంది. లైబ్రేరియన్ అమ్మాయికి మా గొడవ అర్థం కాలేదు. కథ మొత్తం చెప్పాక, రిజిస్టరు ముందు పెట్టుకుని కలం ఎత్తి, "ఇప్పుడిది డొనేషన్ కింద రాయనా మేడమ్, రిటర్న్ కింద రాయనా?" అంది.

ఎందులో రాసినా సరే గానీ, ముందు ఆ కలంలో సిరా ఏదో చూపించమన్నాను.